నమూనాకు మాత్రమే

ఇంధనాలు పరీక్షించే ల్యాబులో రిపోర్టు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయని. హైదరాబాదులో నేను పనిచేసిన చోట రోజూ ఆ వాక్యం కిందే సంతకం పెట్టేవాణ్ణి. దాని అర్థం నాకు బాగా తెలుసు. తెలిసి కూడా సొంత విషయంలో దాన్ని పక్కన పెట్టి, రెడ్డిగూడెంలో మా బాబాయి మామిడితోటలో ఒక ఏడాది కాపు పాడు చేశాను. ఊళ్లో ఎవరైనా అడిగితే ఇన్నేళ్లూ ట్రాక్టరు పంపు చెడిపోయిందనే చెప్పుకొచ్చాను. పంపు దానంతట అది చెడిపోలేదు. నేను చెడగొట్టాను. ఎలా చెడగొట్టానో మొదటినుంచీ చెప్పాలి. గుండెబరువు దించుకోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. నేను చేసిన పని, ఇవాళ డ్రమ్ములో డీజిల్ నిలవ ఉంచుకునే ఏ రైతైనా తెలియక చేసే అవకాశం ఉంది. నేను మాత్రం అన్నీ తెలిసి చేశాను.

అవి బయోడీజిల్ మాట ఊరూరా వినిపిస్తున్న రోజులు. 2003లో ప్రణాళికా సంఘం వేసిన కమిటీ అడవి ఆముదం గింజల నుంచి డీజిల్ తీయాలని నివేదిక ఇచ్చింది. అదే ఏడాది ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ పేరు దేశమంతా తెలిసింది. అక్కడి ఆదివాసీ మహిళా సంఘం కానుగ గింజల నుంచి నూనె తీస్తోంది. ఆ నూనెని డీజిల్ బదులు వాడితే గాలిలో కలవకుండా మిగిలే బొగ్గుపులుసు వాయువు 147 టన్నులని లెక్కగట్టి ప్రపంచ బ్యాంకు వాళ్లకి 645 డాలర్లు చెల్లించింది. 2005 అక్టోబరులో కేంద్రం బయోడీజిల్‌ని లీటరు 25 రూపాయలకి కొనే విధానం ప్రకటించింది. ఇవన్నీ చదువుతుంటే నాకు రెడ్డిగూడెం కళ్లముందు కదిలేది. చెరువుగట్ల మీద, డొంకల వెంట, తోటల సరిహద్దుల్లో మాకు కానుగ చెట్లకి కొదవ లేదు. ఆకు పొలానికి పచ్చిరొట్టగా పోతుంది. కాయలు మాత్రం ఎండి, రాలి, తొక్కుడులో కలిసిపోతాయి. ఆ కాయల్లో మా ఊరి ట్రాక్టర్లకి కావలసిన ఇంధనం ఉందని నాకు తోచింది. ఆ ఆలోచన తప్పు కాదని ఇప్పటికీ అంటాను. దాన్ని నేను నడిపిన తీరే తప్పు.

బాబాయికి నా చదువంటే గౌరవం. ఇంట్లో కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. "నువ్వు చెప్పాక ఇంక ఆలోచించేదేముందిరా" అని పాకలో చోటిచ్చాడు, గింజలు ఏరించాడు, నూనె ఆడించడానికి డబ్బులు పెట్టాడు. నూనెలో ఆమ్లత ఎక్కువ ఉంటే నేరుగా క్షారం వేయకూడదు, సబ్బు కడుతుంది. అందుకని ముందు మిథనాల్, గంధకామ్లంతో ఒక విడత, తర్వాత మిథనాల్, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో రెండో విడత నడిపాను. అడుగున గ్లిజరిన్ దిగింది. పైన తేరిన ద్రవాన్ని నీళ్లతో కడిగి, తేమ పోయేదాకా వేడి చేసి, వడకట్టి డ్రమ్ముల్లో నింపాను. ఎర్రటి పసుపు రంగులో, అడుగు కనబడేంత తేటగా వచ్చింది. బాబాయి గాజుగ్లాసులో పోసి వెలుతురుకి పట్టి చూసి, తోటపని చేసేవాళ్లందరికీ చూపించాడు. ఆ తేటదనమే నా కళ్లు కప్పేసింది.

ఒక సీసాడు హైదరాబాదు తీసుకెళ్లాను. ఇంధనం గాలి తగిలి ఎంత కాలానికి చెడుతుందో కొలిచే యంత్రాలుండే గది మా ల్యాబులో ఉండేది. పెట్రోలుకి ఒక ఉక్కు పాత్ర. అందులో 50 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, సుమారు 700 కిలోపాస్కల్స్ పీడనంతో ఆక్సిజన్ నింపి, 100 డిగ్రీల వేడిలో ఉంచుతారు. పెట్రోలు ఆక్సిజన్‌ని తాగడం మొదలెడితే పీడనం జారుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం అది కనీసం 360 నిమిషాలు జారకుండా నిలవాలి. డీజిల్‌కి వేరే పద్ధతి. 350 మిల్లీలీటర్లు తీసుకుని, 95 డిగ్రీల దగ్గర 16 గంటలపాటు ఆక్సిజన్ బుడగలు పంపి, ఏర్పడిన బంకని వడకట్టి తూస్తారు. ఆ తర్వాత చిన్న యంత్రాలు కూడా వచ్చాయి. అయిదు మిల్లీలీటర్ల ఇంధనం, 140 డిగ్రీల వేడి, ఆక్సిజన్ పీడనం పదోవంతు తగ్గేదాకా పట్టిన సమయం. ఒక పూటలో తేలిపోతుంది.

బయోడీజిల్‌కి మాత్రం రాన్సిమాట్. ఇది వంటనూనెల కోసం పుట్టిన యంత్రం. పూర్వం నూనె ఎంత కాలం నిలుస్తుందో తెలుసుకోవాలంటే వేడి నూనెలోకి గాలి పంపుతూ, మధ్యమధ్యలో నమూనా తీసి పెరాక్సైడ్ విలువని టైట్రేషన్ చేస్తూ కూర్చోవాలి. రాత్రయినా పగలైనా లేవడానికి ఉండదు. 1974లో హాడోర్న్, జ్యూర్షర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దానికి సులువైన దారి కనిపెట్టారు. స్విట్జర్లాండ్ కంపెనీ మెట్రోమ్ దాన్ని యంత్రంగా చేసి అమ్మింది. తర్వాత ఐరోపా వాళ్లు ఈఎన్ 14112 పేరుతో బయోడీజిల్‌కి అదే పద్ధతి పెట్టారు.

నాకు చాలా ఇష్టమైన యంత్రం అది. పొడుగాటి గాజుగొట్టంలో మూడు గ్రాముల నూనె తూచి పోస్తాం. 110 డిగ్రీల దగ్గర నిలిపిన అల్యూమినియం దిమ్మె రంధ్రంలోకి ఆ గొట్టాన్ని దించుతాం. గంటకి పది లీటర్ల చొప్పున పొడి గాలి నూనెలోంచి బుడగలు బుడగలుగా పైకొస్తుంది. ఆ గాలిని సన్నని గొట్టం పక్కనున్న పాత్రలోకి, డీఅయొనైజ్డ్ నీళ్లలోకి తీసుకెళ్తుంది. ఆ నీళ్లలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో ఎలక్ట్రోడు కొలుస్తూ ఉంటుంది. నూనె తట్టుకున్నంత సేపూ తెర మీద గీత అడుగునే అడ్డంగా సాగుతుంది. తట్టుకునే శక్తి అయిపోయాక ఫార్మిక్ ఆమ్లం లాంటి ఆవిరయ్యే ఆమ్లాలు పుట్టి, గాలితో వెళ్లి నీళ్లలో కలుస్తాయి. అప్పుడు గీత నిలువుగా లేస్తుంది. ఆ మలుపు దాకా పట్టిన కాలాన్ని ఇండక్షన్ పీరియడ్ అంటారు. దిమ్మె వేడిలో పది డిగ్రీలు తేడా వస్తే ఈ కాలం దాదాపు సగానికి సగం మారిపోతుంది. అందుకే ఉష్ణోగ్రత సరిచూడకుండా ఆ యంత్రాన్ని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. ఇతరుల నమూనాల విషయంలో నేను అంత పట్టుదల మనిషిని.

కానుగ బయోడీజిల్‌ని ఏమీ కలపకుండా పెడితే గీత తొందరగానే లేచింది. అది నేను ఊహించిందే. అప్పటి మన ప్రమాణం, 2005 నాటి ఐఎస్ 15607, ఆరు గంటలు నిలవాలనేది. అమెరికా వాళ్లది మూడు గంటలే. ఐరోపా వాళ్లు తర్వాత ఎనిమిది గంటలకి పెంచారు. సీసాలోని నూనెకి పైరోగాలాల్ కలిపాను. అది ఆక్సిజన్ దాడికి అడ్డుపడే మందు. చిటికెడుకి కూడా తక్కువే, కానీ ముందు కాస్త ఆల్కహాల్‌లో కరిగించి, ఆ తర్వాత నూనెలో బాగా కలిసేలా తిప్పి, ముదురు రంగు సీసాలో మూత బిగించి, యంత్రంలో పెట్టాను. ఏడు గంటలు దాటింది. రిపోర్టు ప్రింటు తీసుకుని, అతిజాగ్రత్తగా కవర్లో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ కాగితాన్ని నేను ఊళ్లో ఎలా వాడానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కుంచించుకుపోతుంది. రామాలయం అరుగు మీద అందరికీ చూపించాను. ప్రమాణం ఆరైతే మనది ఏడు దాటిందని చెప్పాను. ఏళ్ల తరబడి నిలవుంటుందా అని ఒక పెద్దాయన అడిగాడు. "ఏం ఢోకా లేదు పెద్దయ్యా, ల్యాబులో తేలిపోయింది" అన్నాను. ల్యాబులో తేలింది ఏమిటి? నేను దగ్గరుండి మందు కరిగించి కలిపిన సీసాడు నూనె, ఆ రోజున, శుభ్రమైన గాజులో, ఏడు గంటలు తట్టుకుందని. పాకలో ఉన్న డ్రమ్ముల గురించి ఆ కాగితం ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పినట్టు నేను చదివి వినిపించాను.

డ్రమ్ముల్లో నేనేం చేశానో కూడా చెప్పాలి. పైరోగాలాల్ పొడిని నేరుగా డ్రమ్ములో వేసి పొడుగాటి కర్రతో కలిపాను. అది నూనెలో అంత తేలిగ్గా కరిగే పదార్థం కాదు. ఆ సంగతి తెలిసే సీసాలో ఆల్కహాల్ వాడాను. ఊరికి తిరిగొచ్చే తొందరలో డ్రమ్ము దగ్గర ఆ పని మానేశాను. నూనె తోడుకోవడానికి వీలుగా ఉంటుందని రాగిగొట్టం, ఇత్తడి కుళాయి బిగించాను. బయోడీజిల్‌ని చెడగొట్టే లోహాల్లో అన్నిటికన్నా ముందుండేది రాగి. ఇదీ తెలుసు. మన్నుతుందని, తుప్పు పట్టదని నాకు నేను చెప్పుకున్నాను.

ఇదంతా రోహిణి కార్తెకి ముందు. రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. రేకుల పాకలో డ్రమ్ము పైభాగం మధ్యాహ్నం చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఇంధనం నిలవ పరీక్షల్లో ఏఎస్‌టీఎమ్ డి 4625 అని ఒకటుంది. నమూనాని 43 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచుతారు. అక్కడ ఒక వారమంటే, చల్లటి చోట 21 డిగ్రీల దగ్గర ఒక నెలతో సమానమని లెక్క. ఆ 43 డిగ్రీలు శీతల దేశాల ల్యాబులకి ఓవెన్ పెట్టి తెచ్చుకోవలసిన వేడి. రెడ్డిగూడెం, తిరువూరు, మైలవరం ప్రాంతాల్లో మే నెల మధ్యాహ్నం నీడలోనే ఉంటుంది. నేను ఆ పరీక్ష గురించి ఇంగ్లీషు పుస్తకంలో చదివి, అండర్‌లైన్ కూడా చేసుకున్నాను. మా పాకే ఆ ఓవెన్ అని తట్టలేదు.

తొలకరి పడ్డాక దుక్కులకి ఆ నూనె వాడితే ట్రాక్టరు హాయిగా నడిచింది. పొగ తగ్గింది. నా మాట నెగ్గింది. డ్రమ్ము మాత్రం సగం ఖాళీ అయింది. ఖాళీ అయిన సగంలోకి గాలి వచ్చి కూర్చుంది. పగటి వేడికి వ్యాకోచించి, రాత్రి చల్లబడి, డ్రమ్ము రోజూ కొత్త గాలిని పీల్చుకుంటూ వచ్చింది. వానాకాలపు తేమ కూడా దాంతోపాటే. ఈ మధ్యలో సెలవలకి వచ్చినప్పుడల్లా ఒక చిన్న సీసాలో నమూనా తీసుకెళ్లి యంత్రంలో పెట్టి ఉంటే సరిపోయేది. యంత్రం నా చేతికింద ఉంది. మూడు గ్రాములు చాలు. తీసుకెళ్లలేదు. బద్ధకం అని చెప్పుకుంటే తేలిగ్గా పోతుంది, కానీ నిజం అది కాదు. ఒకసారి తేలిపోయిందని అందరికీ చెప్పాక మళ్లీ పరీక్షించడమంటే నా మాటని నేనే అనుమానించడం అనిపించింది. అది చిన్నతనమనిపించింది.

మామిడికి పూత కాలం ఎంత సున్నితమో మా వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. తేనెమంచు పురుగు పడిందంటే పూత రసం పీల్చేసి, జిగట కారుస్తుంది. ఆ జిగట మీద మసి పడుతుంది, పిందె నిలవదు. సమయానికి మందు కొట్టాలి. రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే పూత చేతికి రాదు. బాబాయి తోటలో చెట్లు పెద్దవి, చేతిపంపుతో కొమ్మల చివరలకి మందు అందదు. ట్రాక్టరుకి తగిలించిన స్ప్రేయరే దిక్కు. ఆ జనవరిలో పురుగు కనబడగానే బాబాయి ఫోన్ చేశాడు. నేను సెలవు పెట్టి వచ్చాను. డీజిల్ సగం, మన నూనె సగం కలిపి ట్యాంకు నింపాము.

కాసేపటికే ఇంజిన్ ఊపిరాడనట్టు తగ్గిపోయింది. ఫిల్టరు పట్టేసింది. బాబాయి నా మొహం చూశాడు. అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "బయోడీజిల్‌కి కడిగే గుణం ఉంటుంది బాబాయ్. ట్యాంకులో పాత మురికి ఊడి వస్తోంది. మంచిదే. ఫిల్టరు మార్చి నడిపేద్దాం." అందులో అబద్ధం లేదు. బయోడీజిల్ నిజంగానే పాత ట్యాంకుల్లో పేరుకున్న మడ్డిని వదిలిస్తుంది. మొదటిసారి వాడినప్పుడు ఫిల్టర్లు పట్టేయడం అందరికీ తెలిసిందే. కానీ దుక్కుల్లోనే ఆ ట్యాంకు కడుక్కుపోయింది. మళ్లీ కడగడానికి అక్కడ పాత మురికి ఎక్కడిది? ఈ ప్రశ్న నాకు రాలేదు. చేతిలో సిద్ధంగా ఒక కారణం ఉంది, శాస్త్రం ఒప్పుకున్న కారణం. దాన్ని పట్టుకుని అసలు కారణాన్ని చూడలేదు. ఏమీ తెలియనివాడైతే ఇంజిన్ ఆపి మెకానిక్ కోసం పంపేవాడు.

ఆ ఫిల్టరు గుడ్డ మీద ఏముందో ఆ రోజు చూసి కూడా చూడలేదు. తుప్పు అయితే గరుకుగా, రవ్వలు రవ్వలుగా ఉంటుంది. అక్కడున్నది బూరుగు బంకలా సాగే ముదురు గోధుమరంగు పూత. వేలికి అంటుకుంటే గుడ్డతో తుడిచినా పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే, డబ్బా అడుగున మరిచిపోయిన వేరుశనగ నూనెకి వచ్చే కనరు వాసన. కొత్త ఫిల్టరు వేశాం, అదీ పట్టేసింది. మళ్లీ నడిపించాను. చివరికి ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఎఫ్ఐ పంపు ప్లంజర్లే బిగుసుకుపోయాయి. పంపు విప్పి విజయవాడ ఆటోనగర్ పంపించి, బాగుచేయించి, తెప్పించి బిగించేసరికి పూత కాలం దాటిపోయింది. చుట్టుపక్కల తోటలన్నీ మందు కొట్టుకుని నిలబడ్డాయి. బాబాయి తోటలో కొమ్మలు నల్లగా మసి పట్టాయి. పూత మీద బేరం మాట్లాడి వెళ్లిన గుత్తేదారు మళ్లీ రాలేదు. నున్న మార్కెట్‌కి ఆ వేసవిలో బాబాయి పంపింది చెప్పుకోదగ్గ సరుకు కాదు. చెల్లెలి పెళ్లి కోసం అనుకున్న డబ్బు అది.

హైదరాబాదు వెళ్లేటప్పుడు డ్రమ్ములోంచి ఒక సీసా తీసుకెళ్లాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గాజుగొట్టంలో మూడు గ్రాములు తూచాను. దిమ్మెలో దించాను. గాలి వదిలాను. గీత అడ్డంగా సాగే సమయమే లేదు. గొట్టం వేడెక్కుతుండగానే పైకి లేచింది. గొట్టం సరిగా కడిగి ఉండరనుకున్నాను. కొత్త గొట్టం, కొత్త నీళ్లు పెట్టి మళ్లీ నడిపాను. అదే గీత, అదే నిట్టనిలువు. మా పాకలోని నూనెకి తట్టుకునే శక్తి ఎప్పుడో అయిపోయింది. ఇంక కొలవడానికి ఏమీ మిగల్లేదు.

ఏం జరిగిందో అప్పుడు వరసగా అర్థమైంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలన్నీ ఒకే తీరుగా గాలికి లొంగవు. ఒక జంట బంధం ఉన్న ఓలియిక్ ఒకటి అనుకుంటే, రెండున్న లినోలియిక్ సుమారు నలభై రెట్లు, మూడున్న లినోలెనిక్ వంద రెట్లకి దగ్గరగా వేగంగా చెడతాయి. హోల్మన్, ఎల్మర్ అనే శాస్త్రవేత్తలు 1947లోనే ఇది కొలిచి చూపించారు. కానుగలో ఓలియిక్ ఎక్కువ, కానీ లినోలియిక్ కూడా తక్కువేం కాదు. మొత్తం నూనెని ముందుగా లాక్కెళ్లేది ఆ కొద్ది భాగమే. జంట బంధాల మధ్య ఉన్న హైడ్రోజన్ ఊడిపోతుంది, ఆ చోట ఆక్సిజన్ చేరి పెరాక్సైడ్ అవుతుంది. అది పక్క అణువుని కదిలిస్తుంది. రాగి ఆ పెరాక్సైడ్లని విరిచి కొత్త దాడికి దారి తీస్తుంది. వేడి తోడైతే వేగం పెరుగుతుంది. విరిగిన ముక్కలు ఆమ్లాలవుతాయి, అతుక్కున్నవి బంక అవుతాయి. ఆ బంకలో చాలా భాగం వట్టి బయోడీజిల్‌లో కరిగే ఉంటుంది, అందుకే డ్రమ్ములో నూనె తేటగానే కనిపించింది. దానికి బంకు డీజిల్ కలపగానే కరగకుండా విడివడి ఫిల్టరు మీద దిగింది. సగం సగం కలిపి నేనే దాన్ని దింపాను. డ్రమ్ము అడుగున తర్వాత చూస్తే నేను వేసిన పైరోగాలాల్ నల్లటి ముద్దగా అక్కడే పడి ఉంది.

ఇక్కడిదాకా చేసింది తెలివితక్కువ పని. దీని తర్వాత చేసింది అంతకన్నా ఘోరం. ఆ గీత చూశాక కూడా బాబాయికి చెప్పలేదు. "పంపు పాతది కదా బాబాయ్, ఎప్పటికైనా పోయేదే" అని ఫోన్లో అన్నాను. నన్ను నమ్మాడు. పాకలో ఇంకో డ్రమ్ము ఉంది. దాన్ని వాడొద్దని చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే అరుగు మీద చూపించిన కాగితం గురించి చెప్పాలి. నోరు రాలేదు. వేసవిలో చెట్లకి నీళ్లు పెట్టడానికి బాబాయి ఆ రెండో డ్రమ్ము నూనెని ఆయిల్ ఇంజిన్లో పోశాడు. అది కూడా పట్టేసింది. ఒక తప్పుకి ట్రాక్టరు పంపు, కాపు పోయాయి. నా మౌనానికి ఇంజిను పోయింది.

అప్పుడు ఊరెళ్లి బాబాయి ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. కోప్పడితే బాగుండేది. "పూత పోవడం దేవుడి పని అనుకుని ఊరుకున్నానురా. అది నీకు తెలిసిన పని అని ఆ రోజే చెబితే రెండో డ్రమ్ము పారబోసేవాణ్ణి కదా" అన్నాడు. ఇంజిన్ బాగుకి నేను డబ్బు ఇచ్చాను. కాపు డబ్బు కూడా విడతలుగా ఇచ్చాను. ఊళ్లో మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. నా పరువు కాపాడాడు. ఆ పరువు చాటున ఇన్నేళ్లు దాక్కున్నది నేను. కానుగ నూనె పనికిరాదన్న మాట ఆ తర్వాత మా ఊళ్లో పాతుకుపోయింది. పనికిరానిది కానుగ కాదు, నా నిర్వాకం. ఇది ఊరివాళ్లందరికీ ఇప్పుడు చెబుతున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, ఆనాడు నేనొక్కణ్ణి చేసిన పని ఇవాళ అందరి ట్యాంకుల్లోకి వస్తోంది. 2015 ఆగస్టు 10న అయిదు శాతం బయోడీజిల్ కలిపిన డీజిల్ అమ్మకం మొదలుపెట్టిన కొద్ది ఊళ్లలో విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. 2018 జీవ ఇంధన విధానం 2030 కల్లా డీజిల్‌లో అయిదు శాతం బయోడీజిల్ ఉండాలని లక్ష్యం పెట్టింది. పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. ఇది మంచికే. ప్రమాణానికి తగ్గ ఇంధనాన్ని కొని, కొన్నది కొన్నట్టు వాడుకుంటే భయపడాల్సిందేమీ లేదు. బయోడీజిల్ కలిసిన డీజిల్ రాన్సిమాట్‌లో 20 గంటలు నిలవాలని ఐరోపా ప్రమాణం అడుగుతుంది. కానీ రైతు ఇంధనాన్ని వాడే తీరు వేరు. సీజన్‌కి ముందు కొని డ్రమ్ములో పెడతాడు. స్ప్రేయరులో మిగిలిన పెట్రోలుని వచ్చే పూత దాకా అందులోనే ఉంచేస్తాడు. ట్రాక్టరు నెలల తరబడి పాకలో నిలబడి ఉంటుంది. ప్రమాణాలు రాసిన గదుల్లో ఈ పాక లేదు.

అందుకని నేను పోగొట్టుకుని నేర్చుకున్నది చెబుతాను. డీజిల్ ఒక సీజన్‌కి సరిపడా మాత్రమే కొనండి, పాతది ముందు వాడండి. డ్రమ్ము నిండుగా, మూత గట్టిగా, నీడలో ఉండాలి. సగం అయిన డ్రమ్ములోది చిన్న డబ్బాలోకి మార్చుకోండి. రాగి, ఇత్తడి గొట్టాలు, కుళాయిలు దానికి తగలనివ్వకండి. అడుగున నీళ్లు చేరితే తీసేయండి. పని అయిపోయాక స్ప్రేయరు ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేయండి. ఫిల్టరు పట్టేస్తే మార్చి ఊరుకోకండి, విప్పి వేలితో తాకి చూడండి. గరుకుగా ఉంటే ట్యాంకు కడగండి. జిగటగా ఉండి కనరు వాసన వేస్తే ఆ ఇంధనం మొత్తం పక్కన పెట్టండి, డబ్బు పోయినా సరే.

ఎవరైనా ల్యాబు కాగితం పట్టుకుని మీ ఊరొస్తే, అది నాలాంటి చదువుకున్న బంధువే అయినా సరే, నమూనా ఎక్కడినుంచి తీశావు, ఎప్పుడు తీశావు అని అడగండి. డ్రమ్ములోంచి ఇప్పుడు తీసి మళ్లీ పరీక్షించి చూపించమనండి. మా బాబాయి నన్ను ఆ ప్రశ్న అడగలేదు, నా మీద నమ్మకం వల్ల. ఆ ప్రశ్న నన్ను నేను అడుక్కోవలసింది, అడుక్కోలేదు.